తొంభై తొమ్మిది దాటి రెండు గీతలు

"పొద్దుమీకి ఒళ్లు ఎచ్చగైతది, పొద్దుగాల మళ్ల సల్లగుంటది. నెల దాటింది సారూ." దేవరకొండలోనైనా మక్తల్‌లోనైనా పిల్లల దవాఖాన బయట బెంచీ మీద కూచుంటే ఈ మాట చెవిన పడుతుంది. ఆ తల్లి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో టైఫాయిడ్ కోసం చేసే విడాల్ పరీక్ష రిపోర్టులు మూడు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ నెత్తురు పరీక్షలు రెండు, ఒక ఛాతీ ఎక్స్‌రే, సగం సగం వాడిన నాలుగు సీసాలు. పిల్లకు ఏ రోజు, ఏ గంటకు, ఎంత జ్వరం ఉందో రాసిన కాగితం మాత్రం కవరంతా గుమ్మరించినా దొరకదు.

నెలల తరబడి సాగే ఈ సన్న జ్వరాల్లో చాలావాటికి మందు అక్కర్లేదు, కొలత కావాలి. కొలవకుండానే మందు మొదలుపెట్టడం మన దగ్గర అలవాటుగా మారింది. దాంతో ఆరోగ్యంగా ఉన్న పిల్లల కడుపులోకి అక్కర్లేని యాంటీబయాటిక్‌లు పోతున్నాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నిజంగా జబ్బున్న కొద్దిమంది పిల్లలు ఈ గుంపులో కలిసిపోయి, రెండు మూడు నెలలు ఆలస్యంగా బయటపడుతున్నారు.

ముందు అంకెల సంగతి. ఒంటి మామూలు వేడి 98.6 డిగ్రీల ఫారన్‌హీట్ అనే లెక్క జర్మనీలో వుండర్‌లిక్ అనే వైద్యుడిది. 1868లో అచ్చయిన పుస్తకంలో, దాదాపు పాతిక వేల మందిని చంకలో కొలిచి ఆయన తేల్చిన సగటు అది. సగటు అంటే అందరికీ అంతే ఉండాలని కాదు. 1992లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 148 మంది పెద్దవాళ్లను నోట్లో కొలిస్తే సగటు 98.2 వచ్చింది. ఏ జబ్బూ లేని మనిషికి సాయంత్రం 99.9 దాకా ఉండొచ్చని కూడా తేలింది. ఒంటి వేడి తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా, సాయంత్రం నాలుగు, ఆరు గంటల మధ్య అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. రెంటికీ మధ్య తేడా ఒక డిగ్రీ దాకా పోతుంది. చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా కాస్త వెచ్చనే. దాని మీద బడి నుంచి ఎండలో నడిచి రావడం, వాకిట్లో గంటసేపు ఉరకడం, వేడి వేడి బువ్వ తినడం. ఇవన్నీ కలిస్తే సాయంత్రం 99.4 చూపించకపోతేనే ఆశ్చర్యపడాలి. "పొద్దుమీకే వస్తది" అన్న మాట విని చాలామంది బెదురుతారు. పొద్దున చల్లబడి సాయంత్రం వెచ్చబడటం ప్రతి మనిషికీ రోజూ జరిగేదే.

మరి ఎంత ఉంటే జ్వరం? మలద్వారంలో కొలిస్తే 100.4 అన్నది డాక్టర్లంతా ఒప్పుకున్న గీత. నోట్లో దాదాపు 100. చంకలో ఇంకా తక్కువ చూపిస్తుంది కాబట్టి 99.5 నుంచే అనుమానించేవాళ్లు ఉన్నారు. మన ఇళ్లలో కొలిచేది చంకలోనే. ఇంట్లో వాడుకోవడానికి ఇలా పెట్టుకోండి: చంకలో 100 దాటితే అది జ్వరమే, సందేహం లేదు. 99.5 లోపు ఉండి పిల్ల ఆడుతూ తింటూ ఉంటే మందు జోలికి పోవద్దు. మధ్యలో ఉన్న ఆ కాస్తను నోట్‌బుక్కు తేలుస్తుంది, దాని సంగతి కింద చెబుతాను. తల్లి అరచెయ్యి గురించి ఒక మాట. చెయ్యి పెట్టి "చల్లగానే ఉన్నది" అంటే చాలావరకు నమ్మొచ్చు. "కాలుతున్నది" అంటే మాత్రం థర్మామీటరు తియ్యాలి, ఎందుకంటే అరచెయ్యి జ్వరాన్ని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతుంది.

ఇక మన ఎండాకాలం. నల్లగొండ, మిర్యాలగూడ వైపు మే నెలలో రేకుల ఇంట్లో మధ్యాహ్నం 40 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలు. ఫారన్‌హీట్‌లో అది 104. పాదరసం థర్మామీటరును ఎంత విదిలించినా ఆ గదిలో నిమిషం తిరిగేసరికి గాలి వేడికే పాదరసం 104కు ఎక్కుతుంది. దాని గొంతులో చిన్న నొక్కు ఉంటుంది కాబట్టి ఎక్కిన పాదరసం దానంతట అది దిగదు. అదే థర్మామీటరును పిల్ల చంకలో పెడితే అది చదివేది గది వేడిని, పిల్లను కాదు. 98 ఉన్న పిల్లకు 104 చూపించి ఇల్లంతా దవాఖానకు ఉరికేలా చేస్తుంది. గూట్లో, రేకు డబ్బాలో దాచితే ఇంకా కష్టం. చాలావాటి మీద గీతలు 108తో ఆగిపోతాయి, ఆపైన గాజు పగలొచ్చు. చాలా డిజిటల్ థర్మామీటర్లు కూడా తాము చూసిన అన్నిటికన్నా పెద్ద అంకెను పట్టుకొని కూచుంటాయి, కాబట్టి ఈ తప్పు వాటిలోనూ జరుగుతుంది. విరుగుడు సులువే. కొన కుండనీళ్లలో అర నిమిషం ముంచి, తుడిచి, పాదరసమైతే అప్పుడు విదిలించి వెంటనే చంకలో పెట్టాలి. చంక చెమటను ముందే గుడ్డతో అద్దాలి. కొన నేరుగా చర్మానికి తగలాలి, చొక్కాకు కాదు. చెయ్యి ఒంటికి నొక్కి పట్టుకోవాలి. పాదరసానికి ఐదు నిమిషాలు. డిజిటల్‌ది కూత పెట్టాక ఇంకో నిమిషం ఉంచి తీస్తే అంకె నికరంగా వస్తుంది. నుదుటి మీద పెట్టే తుపాకీ థర్మామీటరు ఎండలోంచి వచ్చిన పిల్లకు, చెమట పట్టిన నుదుటికి తప్పు చూపిస్తుంది. స్కూలు గేటు దగ్గర దాని అంకె చూసి పిల్లను ఇంటికి పంపడం నాకు ఎప్పుడూ నచ్చదు.

ఆడి వచ్చిన పిల్లను అరగంట నీడలో కూచోబెట్టి కొలవాలి. తిన్నాక, స్నానం చేశాక కూడా అంతే. పసిపిల్లను దుప్పట్లో చుట్టి ఉంటే విప్పి, పావుగంట ఆగి కొలవండి.

నోట్‌బుక్కు ఎలా రాయాలో చూడండి. పది రూపాయల పుస్తకం చాలు. పద్నాలుగు రోజులు, రోజుకు రెండుసార్లు: పొద్దున లేవగానే ఒకటి, సాయంత్రం ఐదు, ఆరు మధ్య ఒకటి. రోజూ ఒకే థర్మామీటరు, ఒకే చంక. పిల్ల నలతగా కనిపిస్తే అప్పుడు అదనంగా ఇంకోసారి, అదీ గోలీ గానీ సిరప్ గానీ ఇవ్వకముందే. అంకె పక్కన నాలుగు ముక్కలు రాయాలి: ఏం తిన్నది, ఆడిందా పడుకుందా, దగ్గు, విరేచనాల వంటివి ఏమున్నాయి, ఏ మందు ఏ గంటకు ఇచ్చారు. గంటగంటకూ కొలవడం వద్దు. అలా కొలిచే ఇంట్లో పిల్లకు జ్వరం తగ్గినా పెద్దలకు భయం తగ్గదు.

పద్నాలుగు రోజుల తర్వాత ఆ పేజీలు చదివితే చాలా విషయాలు కవరులోని రిపోర్టుల కన్నా స్పష్టంగా తేలతాయి. పొద్దున 97.6, సాయంత్రం 99.2 అని రెండు వారాలూ ఒకే తీరుగా ఉండి, పిల్ల బరువు పెరుగుతుంటే, అది ఒంటి సహజమైన ఎగుడుదిగుడే. నాలుగు రోజులు 101, ఆపైన వారం ఖాళీ, మళ్లీ ముక్కు కారుతూ మూడు రోజులు జ్వరం ఉంటే అవి వేర్వేరు జలుబులు. అంగన్‌వాడీకో నర్సరీకో కొత్తగా పోయే పిల్లకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. వాటిలో ఎక్కువ వానాకాలంలో, చలికాలంలో వస్తాయి, ఒక్కొక్కటి వారం పది రోజులు ఉంటుంది. ఒకదాని తోక మీద ఇంకొకటి వస్తే ఇంట్లోవాళ్లకు అది "రెండు నెలల జ్వరం"లా కనిపిస్తుంది. కొందరు పిల్లలకు మూడు నుంచి ఆరు వారాలకోసారి లెక్కపెట్టుకొని వచ్చినట్టు జ్వరం వస్తుంది. 103 దాకా పోతుంది, గొంతు నొప్పి, నోట్లో పుండ్లు, మెడ దగ్గర బిళ్లలు ఉంటాయి, నాలుగైదు రోజుల్లో దానంతట అదే పోతుంది. దీనికో పేరుంది, వైద్యమూ ఉంది, యాంటీబయాటిక్ మాత్రం పనిచెయ్యదు. తేదీలు రాసి ఉంటే తప్ప ఏ డాక్టరూ దీన్ని పట్టలేడు. రోజూ 100 దాటుతూ, రెండు వారాలైనా ఆగకపోతే అది వేరే దారి. దాని గురించి చివర్లో.

ముందు విడాల్ గురించి మాట్లాడాలి. మన జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించే కాగితం అదే. 1896 నాటి పరీక్ష. టైఫాయిడ్ క్రిమిని అది వెతకదు. ఆ క్రిమి మీద ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను వెతుకుతుంది. టైఫాయిడ్ తిరిగే ఊళ్లలో పెరిగిన మనిషి నెత్తుట్లో అవి ఎప్పటివో కొంత ఉండనే ఉంటాయి. ఎప్పుడో రెండేళ్ల కింద వచ్చిపోయిన టైఫాయిడ్, దానికి చుట్టమైన ఇంకో సాల్మొనెల్లా క్రిమి, ఒక్కోసారి మలేరియా కూడా రిపోర్టులో "ఓ 1:80, హెచ్ 1:160" అని రాయిస్తాయి. ఆ గీతను దాటిన పిల్లలను వరుసగా పట్టుకొస్తే సగం బడి టైఫాయిడ్ అని తేలుతుంది! ఇంకో తమాషా, నిజంగా టైఫాయిడ్ ఉన్న పిల్లకు మొదటి వారంలో విడాల్ నెగెటివ్ రావొచ్చు, ఎందుకంటే ప్రతిరక్షకాలు తయారవ్వడానికే వారం పడుతుంది. సరిగ్గా వాడాలంటే వారం పది రోజుల ఎడంతో రెండుసార్లు చేసి, అంకె నాలుగింతలు పెరిగిందా అని చూడాలి. అలా రెండోసారి చేయించిన రిపోర్టు ఏ కవరులోనూ కనపడదు. కనపడేవన్నీ మందు పనిచేసిందా లేదా అని చూడటానికి చేయించినవే. ఆ పనికి విడాల్ అసలే పనికిరాదు. జబ్బు పోయాక కూడా నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. "ఇంకా తగ్గలేదు" అని మళ్లీ ఒక కోర్సు రాయించడమే దాని వల్ల జరిగేది.

అసలు టైఫాయిడ్ నెలల తరబడి 99.4 దగ్గర కూచునే రకం కాదు. మొదటి వారంలో రోజురోజుకూ మెట్లెక్కినట్టు పెరిగి 103, 104కు పోతుంది. పిల్ల వాడిపోతుంది, ఆకలి చస్తుంది, కడుపు నొప్పి అంటుంది, నాలుక మీద తెల్లటి పూత ఉంటుంది. అలాంటి పిల్లకు కావాల్సింది బ్లడ్ కల్చర్, అంటే నెత్తుట్లోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. మొదటి యాంటీబయాటిక్ చుక్క పడకముందే రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్ల నెత్తురు తీసి కల్చర్ సీసాలో వెయ్యాలి. కల్చర్ కూడా నూరు మందిలో అరవై మందిని పడుతుందేమో, అంతే. ఒక్క రోజు మందు పడ్డా ఆ అరవై ఇంకా తగ్గుతుంది. పట్టినప్పుడు మాత్రం ఏ మందు పనిచేస్తుందో కూడా చెబుతుంది. టైఫాయిడ్‌కు మందును బట్టి 7 నుంచి 14 రోజుల కోర్సు. మూడు రోజులు వాడి, ఒళ్లు చల్లబడిందని ఆపి, మిగిలిన సీసాను తమ్ముడికి పోయడం కోర్సు కాదు. టైఫాయిడ్ భయం ఉన్నవాళ్లకు టీకా ఉంది. కాంజుగేట్ అనే రకం టీకా ఒకటి హైదరాబాద్‌లోనే తయారవుతుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఒక డోసు వేయించొచ్చు.

రెండో సమస్య సూది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "ఒక్క సూదికే జరం దిగింది, ఆకలి కూడా అయింది" అంటే సంతోషించే ముందు ఆ సూది పేరు అడగాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఏ జ్వరమైనా దిగుతుంది. పిల్ల హుషారవుతుంది, బాగా తింటుంది, నాలుగు రోజులకు జ్వరం మళ్లీ వస్తుంది. లోపల క్షయ ఉంటే ఆ నాలుగు రోజుల్లో అది బలపడుతుంది. రక్త క్యాన్సర్ ఉంటే స్టెరాయిడ్‌కు తాత్కాలికంగా అణిగి, నెత్తురు పరీక్షలో దొరక్కుండా దాక్కుంటుంది. సన్న జ్వరానికి స్టెరాయిడ్ వెయ్యడం, పొగ కనపడకుండా తలుపు మూసినట్టే. జ్వరం, నొప్పి తగ్గించే నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు 2011లోనే మన దేశంలో నిషేధించారు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెచ్చిన గోలీని సగం విరిచి పిల్లకు వేసే అలవాటుంటే ముందు దాని పేరు చదవండి.

పారాసిటమాల్ ఒక్కటి చాలు, అదీ 100 దాటి పిల్ల బాధపడుతుంటేనే. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. పది కిలోల పిల్లకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు. ఇక్కడే పప్పులో కాలేస్తారు. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉండే సీసా ఉంది, 250 ఉండే సీసా ఉంది, ఒక్క మిల్లీలీటరుకే 100 ఉండే చుక్కల మందు ఉంది. అదే పిల్లకు మొదటిదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3, చుక్కల మందైతే ఒకటిన్నర. చుక్కల మందును సిరప్ అనుకొని చెంచాతో పోస్తే కాలేయం దెబ్బతింటుంది. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చే గీతల మూతో, సూది లేని సిరంజో వాడండి.

సరే, నిజంగా జ్వరం ఉన్న పిల్లల సంగతికి వద్దాం. నోట్‌బుక్కులో రెండు వారాలుగా 100 దాటుతోంది, లేదా జ్వరం తక్కువే అయినా బరువు పెరగడం లేదు. థర్మామీటరు కన్నా తూకం మీద నాకు నమ్మకం ఎక్కువ. రెండేళ్లు దాటిన పిల్ల ఏడాదికి సుమారు రెండు కిలోలు పెరగాలి. అంగన్‌వాడీలో నెలనెలా తూచి రాస్తారు, ఆ పుస్తకం అడిగి చూడండి. రెండు నెలలుగా గీత పడుకొని ఉంటే, పైగా దిగితే, విడాల్ సంగతి వదిలేసి డాక్టరు దగ్గరికి అదే కాగితం పట్టుకుపోండి.

అప్పుడు డాక్టరు అడగాల్సిన మొదటి ప్రశ్న పిల్ల గురించి కాదు. ఇంట్లో ఎవరు దగ్గుతున్నారు? పిల్లలకు క్షయ ఇంట్లోని పెద్దవాళ్ల నుంచే ఎక్కువగా అంటుకుంటుంది. బీడీ దగ్గు అని తీసేసిన తాత, బొంబాయి పూణెల్లో మట్టి పనికి పోయి దసరాకో సంక్రాంతికో చిక్కిపోయి ఇంటికొచ్చిన చిన్నాయన. పాలమూరు వలస తెలిసినవాళ్లకు ఈ ప్రశ్న ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. రెండు వారాలు దాటిన దగ్గున్న ఆ పెద్దమనిషి గల్ల పరీక్ష చేయిస్తే పిల్ల జబ్బు సగం తేలినట్టే. గల్లలో క్షయ క్రిమిని పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు సర్కారు దవాఖానల్లో ఉచితం. చిన్నపిల్లలు గల్ల ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే పొద్దున్నే నీళ్లు కూడా తాగకముందు ముక్కులోంచి సన్న గొట్టం వేసి కడుపులోంచి తీస్తారు. చూడ్డానికి భయంగా ఉన్నా రెండు నిమిషాల పని, వద్దనకండి. క్షయ కోసం చర్మంలో వేసే పరీక్ష సూది మాంటూ వేస్తే 48, 72 గంటల మధ్య చూపించాలి. అక్కడ చూడాల్సింది ఎరుపు కాదు, గట్టిపడిన బొడిపె వెడల్పు. 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే క్షయ క్రిమి ఒంట్లో చేరిందని అర్థం. జబ్బు మొదలైందని అదొక్కటే చెప్పలేదు. నెత్తురు తీసి "టీబీ యాంటీబాడీ" చూస్తామంటే ఒప్పుకోవద్దు, ఆ పరీక్షలను కేంద్రం 2012లోనే నిషేధించింది. జబ్బు తేలితే మందులు మామూలుగా ఆరు నెలలు, ఉచితం. తిండి కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1000.

ఇంకోటి, మన దగ్గర ఎవరూ అడగనిది: ఇంట్లో గొర్రెలు, మేకలు ఉన్నాయా? 2019 పశుగణనలో దేశంలో అందరికన్నా ఎక్కువ గొర్రెలు తెలంగాణవే, కోటీ తొంభై లక్షలు. వాటిలో పాలమూరు, నల్లగొండ మందల వాటా తక్కువేం కాదు. మందలో గొర్రెలు ఈసుకుపోతుంటే, అంటే నెలలు నిండకముందే కడుపు పోతుంటే, బ్రూసెల్లా అనే క్రిమి ఉండొచ్చు. బలమని పచ్చి మేకపాలు తాగించిన పిల్లకు, ఈనిన గొర్రెల దగ్గర తిరిగిన పిల్లకు అది అంటుతుంది. వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ జ్వరం, రాత్రి చెమటలు, మోకాలో తుంటో నొప్పి. దీనికి రెండు మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. విడాల్ చూసి ఇచ్చిన ఐదు రోజుల మందుకు కాస్త అణిగి, మళ్లీ లేస్తుంది. "టైఫాయిడ్ తిరగబెట్టింది" అంటారు. కల్చర్ పంపితే ల్యాబ్‌కు అనుమానం ముందే చెప్పాలి, ఎందుకంటే ఇది మెల్లగా పెరుగుతుంది, ల్యాబ్ మనుషులకూ అంటుకుంటుంది. పాలు పొంగేదాకా కాచి తాగిస్తే సగం బెడద ఉండదు.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చిన్నపిల్లల్లో జ్వరం తప్ప వేరే గుర్తు లేకుండా ఉండగలదు, ముఖ్యంగా ఆడపిల్లల్లో. పిల్ల ఒంటిని కడిగి, మూత్రం ధార మధ్యలోది పట్టి, గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. లేదా ఐసు పెట్టెలో ఉంచాలి. అంటించిన సంచీలోంచి తీసిన మూత్రంతో కల్చర్ చేస్తే చర్మం మీది క్రిములు పెరిగి తప్పు పాజిటివ్ వస్తుంది. అమ్రాబాద్, అచ్చంపేట అడవి పక్క ఊళ్లలో మలేరియా స్మియర్, అంటే నెత్తుటి చుక్కను గాజు పలక మీద పూసి చూసే పరీక్ష, మరవొద్దు. వానల తర్వాత పొలాల్లో తిరిగిన పిల్లకు ఒంటి మీద, చంకల్లో, గజ్జల్లో నల్లగా కాలినట్టున్న మచ్చ ఉందేమో బట్టలు విప్పి చూడాలి. అది చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కావొచ్చు. దానికి చవకైన మందు ఉంది.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఒక ప్రత్యేకమైన పొరపాటు జరుగుతుంది. పిల్ల కాళ్లు నొప్పులంటే "ఫ్లోరిన్ నీళ్లు" అని అక్కడితో ఆపేస్తారు. ఆ నీళ్లు చేసిన అన్యాయం చిన్నదేం కాదు, అనుమానం రావడం సహజం. కానీ ఫ్లోరోసిస్ జ్వరం తేదు. రాత్రి నిద్రలోంచి లేపే కాళ్ల నొప్పి, దానితో జ్వరం, ఒళ్లు పాలిపోవడం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే ఆ రోజే నెత్తుటి కణాలు లెక్కపెట్టే సీబీపీ, నెత్తురు స్మియర్ చేయించాలి. అందులో తేడా ఉంటే హైదరాబాద్ నీలోఫర్ దవాఖానకో, పిల్లల క్యాన్సర్ చూసే ఇంకో పెద్ద దవాఖానకో వెంటనే పోవాలి. పొద్దున కీళ్లు బిగుసుకుపోయి, సాయంత్రం జ్వరంతో పాటు గులాబీ రంగు దద్దు వచ్చిపోతుంటే అది కీళ్ల జబ్బు దారి.

నోట్‌బుక్కు రాస్తూ ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. మూడు నెలల లోపు బిడ్డకు చంకలో 99.5 దాటినా ఆ పూటే దవాఖానకు పోవాలి. ఏ వయసు పిల్లకైనా ఫిట్స్, మెడ బిగుసుకోవడం, ఎగశ్వాస, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, లేపినా సరిగా లేవకపోవడం, గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్ర మచ్చలు ఉంటే ఆ రాత్రే కదలాలి.

పోయేటప్పుడు కవరులో విడాల్ రిపోర్టులు అడుగున పెట్టి, పైన నోట్‌బుక్కు, తూకం కాగితం, వాడిన మందుల ఖాళీ సీసాలు, సూది పేరు రాయించుకున్న చీటీ పెట్టుకోండి. డాక్టరు అవన్నీ చూసి, పిల్లను పడుకోబెట్టి కడుపు, మెడ బిళ్లలు తడిమి, "ఇప్పుడు మందేమీ వద్దు, పది రోజులకు తూచుకొని రండి" అంటే మూడు వందల ఫీజు దండగైందని అనుకుంటాం. పక్క సందులో ఇంకో డాక్టరు దగ్గరికి పోతాం, ఆయన విడాల్ రాస్తాడు. ఆ సందులోకి పోకుండా, పదో రోజు ఏ తేదీ అవుతుందో డాక్టరుతోనే చీటీ మీద రాయించుకోండి. ఆ లోపు ఏం కనపడితే ముందే రావాలో అది కూడా అడిగి దాని కిందే రాయించుకోండి.